మూసమాటలు – చరిత్రసాక్ష్యము: రేనాటి శాసనములు మొదలు కైఫీయతుల వఱకు

ప్రాచీన కావ్యములను, శాసనములను, స్థానిక చరిత్రలను కలిపి చదువువారికి ఒక అనుభవము తప్పక కలుగును. ఒకచోట చదివిన పదబంధమే మఱియొకచోట, నూఱేండ్లకో మున్నూఱేండ్లకో, వేఱొక రాజు పేరుతో ఎదురగును. బిరుదము అదియే, వంశకథ అదియే, శాపోక్తి అదియే. ఇట్టి పునరుక్తమైన మాటలను ఈ వ్యాసమున సౌలభ్యము కొఱకు 'మూసమాటలు' అని వ్యవహరించుచున్నాను.

వీని విషయమున మన పరిశోధకులలో రెండు మార్గములు రూఢమైనవి. ఇన్ని చోట్ల చెప్పబడినది అబద్ధమెట్లగునని, పునరుక్తినే ప్రమాణముగా గ్రహించుట మొదటిది. ఇది వట్టి స్తోత్రపాఠమని, రాజు పేరును సంవత్సరమును మాత్రము ఏఱుకొని తక్కినదానిని విడిచిపెట్టుట రెండవది. మొదటిదానివలన చరిత్రలో లేని పురుషులు చరిత్ర కెక్కుచున్నారు. రెండవదానివలన ఉన్న సాక్ష్యము చేజాఱుచున్నది. మూసమాట తాను చెప్పు సంగతికి సాక్ష్యము కాదు; అది ఎచ్చట పుట్టినది, ఎచ్చట వంగినది, ఎచ్చట తప్పినది అనుటయే సాక్ష్యము. ఈ మాటను రేనాటి నిదర్శనములతో నిరూపించుటకు యత్నింతును.

అలంకార శాస్త్రమున పునరుక్తి దోషము. శాసనమున అది దోషము కాదు, అవసరము. శాసనము ప్రధానముగా హక్కుపత్రము. హక్కును తెలుపు మాట నలుగురికి తెలిసినదై యుండవలెను. క్రొత్తమాట వివాదమునకు తావిచ్చును. నిధి, నిక్షేప, జల, పాషాణాదులుగా లెక్కించు అష్టభోగముల పేర్లు మధ్యయుగపు దానశాసనములలో ఎట్లున్నవో, మన కాలపు క్రయదస్తావేజులలోను అట్లే కానవచ్చుచున్నవి. దస్తావేజు వ్రాయు లేఖరి ఆ పొలమున నిధి యున్నదని నమ్మి వ్రాయుటలేదు. ఆ మాట లేకున్న పత్రము పూర్తికాదని వ్రాయుచున్నాడు. ఈ భేదమును మనస్సున నుంచుకొననిచో, వేయేండ్ల తరువాతి పరిశోధకుడు ఆ పొలములన్నింట నిధులుండెనని సిద్ధాంతము చేయగలడు.

పాశ్చాత్యులలో మిల్మన్ ప్యారీ, ఆతని శిష్యుడు ఆల్బర్టు లార్డు యుగోస్లావియా గాయకుల పాటలను పరిశీలించి, మౌఖిక కావ్యములందలి పునరుక్త పదబంధములు గాయకుని ఆశురచనకు ఆధారములని చూపిరి. లార్డు గ్రంథము 1960లో వెలువడినది. దానికి ముందే 1948లో జర్మను పండితుడు కుర్తియుస్, లాటిను వాఙ్మయమున తరతరముల సాగిన సామాన్యోక్తులను గూర్చి విపులముగా వ్రాసెను. ఈ రెండును మనకు మార్గదర్శకములే కాని, వీనిని యథాతథముగా శాసనములకు అన్వయింపరాదు. పాటగాని మూస గొంతులో పుట్టినది. శాసనపు మూస ఆస్థానములలో, లేఖకుల చేతులలో పుట్టినది.

1. చిలమకూరు పరిసరములు

కడప జిల్లా ఎఱ్ఱగుంట్ల మండలములోని చిలమకూరు, కలమళ్ళ, కమలాపుర ప్రాంతములోని ఎఱ్ఱగుడిపాడు, మాలెపాడు అను గ్రామములు తెనుగు భాషాచరిత్రలో ప్రసిద్ధములు. ఇది రేనాడు ఏడువేలు అని శాసనములు పేర్కొను సీమ. ఇచ్చట ఏలిన చోళులు, తమిళ చోళ సామ్రాజ్యము తలయెత్తుటకు పూర్వమే, తమ దానములను తెనుగున వ్రాయించిరి. కలమళ్ళ శాసనము ఎరికల్ ముత్తురాజు ధనంజయునిది, సుమారు క్రీ.శ. 575 నాటిదని పండితుల నిర్ణయము. ఎఱ్ఱగుడిపాటి శాసనము దానికి సమీపకాలమున వెలసినది. చిలమకూరు శాసనము విక్రమాదిత్య చోళ మహారాజు కాలమునది. కలమళ్ళ శాసనమున పేర్కొనబడిన చిఱుంబూరే చిలమకూరని కొందఱు చరిత్రకారుల గుర్తింపు.

ఈ శాసనములు చిన్నవి. అయినను వీనికొక కట్టు కలదు. మొదట 'స్వస్తిశ్రీ' అను మంగళవాచకము, పిమ్మట రాజనామము, పిదప దానము, గ్రహీత, భూమి కొలత, సాక్షులు, కడపట దానమును చెఱచువానికి కలుగు పాపము. అన్ని అంగములు అన్నిట లేకపోవచ్చును. ఉన్నంతలో క్రమము చాలవఱకు నిలుకడగా నున్నది. తెనుగు వచనము మనకు లభించు తొలినాడే ఒక మూసలో లభించుచున్నదని దీనివలన తెలియును. ఆ మూస ఒక్క దినమున పుట్టినది కాదు. ప్రాకృత సంస్కృత శాసనముల అచ్చును తెనుగు లేఖకులు అప్పటికే స్వాధీనము చేసికొనియుండిరి.

ఇందు 'ఏళన్' అను రూపము గమనింపదగినది. 'ఏలుచుండగా' అని దీని యర్థము. రాజనామమును దానవార్తతో కలుపు కీలు ఈ మాట. తరువాతి శాసనములలో ఈ కీలు మాఱినది. చాళుక్య చోళ కాలములందు 'ప్రవర్ధమాన విజయరాజ్య సంవత్సరంబులు' అను దీర్ఘసమాసము, విజయనగర కాలమున 'పృథివీరాజ్యంబు సేయుచుండ' అను వాక్యఖండము ఆ స్థానమును ఆక్రమించినవి. మాట మాఱినను స్థానము మాఱలేదు. ఆ స్థానమున ఎవరి పేరున్నదో, ఎవరి పేరు లేదో అనునదే చరిత్రకారునికి ముఖ్యము. ఓడిపోవుచున్న రాజునకును రాజ్యము 'విజయరాజ్యమే', 'ప్రవర్ధమానమే' కనుక, ఆ విశేషణములవలన మనకు తెలియునది లేదు. సామంతుడు తన శాసనమున ప్రభువు పేరుండవలసిన తావున దానిని వదలినచో, ఆ లోపము ఎన్నో విశేషణములకంటె ఎక్కువ చెప్పును. కలమళ్ళలో రేనాటిని ఏలువాడు ఎరికల్ ముత్తురాజే. అతనిపై వేఱొక ప్రభువు పేరు కానరాదు.

పేర్లును ఒక విధమున మూసమాటలే. మాలెపాటి తామ్రశాసనమునందలి వంశావళిలో సింహవిష్ణువు, మహేంద్రవిక్రముడు అను పల్లవ నామములు కలవు. చిలమకూరున కనబడు విక్రమాదిత్య నామము బాదామి చాళుక్యులది. ప్రభువుల పేర్లను సామంతులు తమ బిడ్డలకు పెట్టుకొను ఆచారము నెఱిగిన చరిత్రకారులు, ఈ పేర్ల మార్పును రేనాటి వారి రాజకీయ సంబంధముల మార్పునకు సూచనగా గ్రహించిరి. శాసనమున ఏ వాక్యమును చెప్పని విషయమును ఒక పేరు చెప్పుచున్నది.

భూమికి సంబంధించిన పదముల గతియు ఇట్టిదే. ఎఱ్ఱగుడిపాటి శాసనమున దానభూమికి 'పన్నస' అను పేరున్నది. పిదప అగ్రహారము, మాన్యము అను మాటలు వ్యాపించి దానిని త్రోసివేసినవి. కొలతను తెలుపు 'మఱుతురు' మాత్రము మర్తురు రూపమున కాకతీయుల కాలము వఱకు నిలిచినది. దానపు పేరు ఆస్థానముల అభిరుచితో మాఱినది. కొలత రైతు చేతిలోనిది కనుక నిలిచినది.

2. కరికాలుని కావేరి

మూసమాట పుట్టుకను, పెరుగుదలను చూపుటకు ఇంతకంటె చక్కని నిదర్శనము దొఱకదు. తెనుగు చోడుల శాసనములు తఱచుగా ఒక దీర్ఘసమాసముతో మొదలగును. కరికాలుని పాదపద్మములు, త్రిలోచనుని కన్ను, సమస్త రాజులచేత కట్టింపబడిన కావేరి గట్టు అనునవి అందలి విషయములు. వెలనాటి సీమనుండి నెల్లూరు వఱకు పలు చోడశాఖలు దీనిని తమదిగా చెప్పుకొనినవి.

కరికాలుడు కావేరికి కరకట్టలు వేయించినాడను సంగతి అతని కీర్తిని పాడిన ప్రాచీన తమిళ కావ్యములైన పట్టినప్పాలై, పొరునరాట్రుప్పడైలలో లేదు. కావేరి వఱదను అరికట్టినవాడని కరికాలుని మొదట పేర్కొన్నది రేనాటి చోళుడైన పుణ్యకుమారుని మాలెపాటి శాసనము. అది ఏడవ లేక ఎనిమిదవ శతాబ్దినాటిది. కావేరి తీరమునకు వందల మైళ్ళ దూరమున, పెన్నా పరీవాహమున, తెనుగు సీమలో ఈ మాట తొలిసారి మనకు కనబడుచున్నది. తంజావూరి చోళులు తమ తామ్రశాసనములలో దీనిని పిదప చెప్పుకొనిరి. త్రిలోచనుని ప్రసక్తి మాలెపాటిలో లేదు. తరువాత వచ్చి చేరినది.

ఈ పెరుగుదలను కె.ఎ. నీలకంఠశాస్త్రిగారు స్పష్టముగా చూపిరి. నేలటూరి వెంకటరమణయ్యగారు 1929లో త్రిలోచన పల్లవ కరికాల చోళులనుగూర్చి ఒక గ్రంథమునే వెలువరించి, వారు చారిత్రక పురుషులేయని సాధింపబూనిరి. ఇరువురును మహాపండితులు. వెంకటరమణయ్యగారు సేకరించిన సామగ్రి నేటికిని అమూల్యము. ఐనను ఈ వివాదమున నా మొగ్గు శాస్త్రిగారి పక్షమునకే. కారణము సుబోధకము: ఒకే సమాసము నూఱు శాసనములలో నున్నను అవి నూఱు సాక్ష్యములు కావు. ఒకరినుండి ఒకరు గ్రహించినవి కనుక, అన్నియు కలిసి ఒక్క సాక్ష్యమే.

ఈ సమాసమున మఱియొక చిక్కు గలదు. పండితులు ఉదాహరించిన పాఠములలో 'విహత విలోచన' అనియు, 'విహిత విలోచన' అనియు రెండు రీతులు కనబడును. మొదటిదానికి, పాదముచేత కన్ను పోగొట్టబడినవాడని అర్థము. రెండవదానికి, పాదములయందు చూపు నిలిపినవాడని, అనగా వినయముతో సేవించినవాడని అర్థము. భేదము ఒక్క గుడి. ఆ గుడి ఉన్నచో త్రిలోచనుడు నమ్రుడైన సామంతుడు. లేనిచో కన్ను కోల్పోయిన శత్రువు. మూడవ కంటిని కాలితో పొడిచినాడను కథకు ఈ పాఠభేదము ఎంత తోడ్పడెనో ఆలోచింపదగును. శాసనపాఠమును పరిష్కరించువారు ఱాతిని గాని, రేకును గాని, దాని అచ్చుప్రతిని గాని స్వయముగా చూడక, పూర్వుల పాఠమును ఎత్తి వ్రాయరాదనుటకు ఇంతకంటె వేఱు హెచ్చరిక అక్కఱలేదు.

'ఒరయూరు పురవరాధీశ్వర' బిరుదమును ఇదే దృష్టితో చూడవలెను. తెనుగు చోడులలో పెక్కురు దీనిని ధరించిరి. వారు కావేరి యొడ్డున నున్న ఒరయూరిని ఏలలేదు. తమ వంశము అచ్చటిదని చెప్పుకొనిరి. 1909లో మానవల్లి రామకృష్ణకవిగారు నన్నెచోడుని కుమారసంభవమును ప్రకటించి ఆ కవి నన్నయకు పూర్వుడని వాదించిన నాటినుండి, ఒరయూరు ప్రస్తావన కవి కాలనిర్ణయ చర్చలో వినబడుచునే యున్నది. పలు శాఖలకు, పలు శతాబ్దులకు ఉమ్మడియైన బిరుదముతో ఒక వ్యక్తిని గుర్తించుట, ఇంటిపేరుతో మనిషిని వెదకుట వంటిది. నన్నెచోడుడు తన తండ్రి చోడబల్లి పేరును, పాకనాటి సీమను చెప్పుకొనినాడు. మూసకు అక్కఱలేని ఆ పేర్లే పరిశోధకునికి ఆధారములు కావలెను.

3. ముడివేము నుండి వేంగికి

వేంగీ చాళుక్యుల తొలి శాసనములకు ఒక నియతమైన ప్రారంభము కలదు. మానవ్యస గోత్రులు, హారీతీ పుత్రులు అని మొదలై, కుబ్జవిష్ణువర్ధనుడు పదునెనిమిదేండ్లు, అతని కొడుకు జయసింహుడు ముప్పదిమూడేండ్లు, పిదప ఇంద్రభట్టారకుడు ఏడు దినములు అని రాజ్యకాలములు లెక్కించుకొని వచ్చును. ఈ మూసలో సంఖ్యలు కదలుచుండును. జయసింహునకు కొన్నిట ముప్పదియే. రెండవ విజయాదిత్యునకు ఒకచోట నలుబదినాలుగు, వేఱొకచోట నలుబదియెనిమిది. ఆ విజయాదిత్యుడే నూటయెనిమిది యుద్ధములు చేసి, అన్ని శివాలయములు కట్టించెనట. నూటయెనిమిది జపమాల లెక్క; దానిని నమ్మ పనిలేదు. గంగ రట్ట బలములతో పండ్రెండేండ్లు పోరెనను మాట మాత్రము జపమాలలో లేనిది. అందుచేత దానికి విలువ గలదు.

పదునొకండవ శతాబ్ది ఆరంభమున, విమలాదిత్యుని రణస్తిపూడి శాసనముతో ఈ మూస ఒక్కమాఱుగా మాఱినది. అంతవఱకు మానవ్యస గోత్రులుగా చెప్పుకొనుటతో తృప్తిపడిన వంశము, చంద్రుని మొదలుకొని పాండవుల మీదుగా అవతరించినది. అయోధ్యలో ఏబదితొమ్మిదిమంది చక్రవర్తులు ఏలిరి. వారి సంతతివాడైన విజయాదిత్యుడు దక్షిణమునకు వచ్చి త్రిలోచన పల్లవునితో పోరి మడిసెను. గర్భవతియైన రాణిని ముడివేము అగ్రహారమున విష్ణుభట్ట సోమయాజి కాపాడెను. ఆమెకు పుట్టినవాడు విష్ణువర్ధనుడు. రాజరాజ నరేంద్రుని కాలమున ఈ కథ చేతనభట్టు రచించిన కోరుమిల్లి శాసనమునను, నన్నయభట్టు రచించిన 1053 నాటి నందంపూడి శాసనమునను మరల కనబడుచున్నది.

ఇందు చరిత్ర ఎంత? అయోధ్య చక్రవర్తుల సంఖ్య కల్పితము. విష్ణువర్ధనుడను పేరునుండియే, విష్ణుభట్టుచే వర్ధిల్లినవాడను కథ పుట్టినట్లు తోచును. ముడివేము మాత్రము మూసకు చెందినది కాదు. అది నేటి జమ్మలమడుగు ప్రాంతపు పెద్దముడియమని గుర్తించినారు. వేంగిలోని ఆస్థానకవికి రేనాటి చెంతనున్న ఒక అగ్రహారము పేరుతో ఏమి పని? అయోధ్య వంటి పేరు అలంకారమునకు వచ్చును, ముడివేము రాదు. చాళుక్యుల ప్రాభవమునకు, ఈ సీమకు గల సంబంధమును గూర్చిన ఒక స్మృతి అప్పటికి నిలిచియుండెననియు, కవి దానిని విడువలేకపోయెననియు ఊహింపవచ్చును. ఇంతకు మించి సాధింప జూచుట సాహసము.

సాహిత్య విద్యార్థికి ఇచ్చట మఱియొక ముఖ్యవిషయము కలదు. ఆంధ్రమహాభారత అవతారికలో రాజరాజు, పాండవులు తన వంశకర్తలు కనుక వారి చరిత్రను వినగోరుచున్నానని పలికినట్లు నన్నయ వ్రాసినాడు. దీనిని మనము భక్తిగా చదివి విడుచుచున్నాము. కాని ఆ చంద్రవంశపు మూస తూర్పు చాళుక్యుల శాసనములలో ప్రవేశించి అప్పటికి ఎంతో కాలము కాలేదు. విమలాదిత్యుని కాలమున రేకుకెక్కిన వంశకథ, అతని కొడుకు కాలమున కావ్యప్రేరణ అయినది. మానవ్యస గోత్రపు పాత మూసయే నిలిచియున్నచో, భారతమును తెనిగింపుమని కోరుటకు రాజునకు ఆ కారణము ఉండెడిది కాదు. శాసనమును కావ్యమును వ్రాసిన చేయి ఒక్కటే యగుట ఈ అన్వయమునకు బలము. మూసమాట చరిత్రను యథార్థముగా చెప్పకపోవచ్చును, చరిత్రను నడపగలదు.

4. ముక్కంటి చేసిన ఊళ్ళు

1800లో దత్తమండలములు కుంఫిణీవారి వశమైన పిమ్మట, కల్నల్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ కైఫీయతులలో ఈ త్రిలోచనుడు మరల దర్శనమిచ్చును. ఇప్పుడతడు సంస్కృత నామమును విడిచి ముక్కంటి అయినాడు. పల్లవ బిరుదమైన కాడువెట్టి వెంట వచ్చినది. కాడువెట్టి యనగా అడవి నఱికినవాడు. కైఫీయతులలో ముక్కంటి చేయు పనియు అదియే: అడవులు కొట్టించి, ఊళ్ళు కట్టించి, బ్రాహ్మణులకు అగ్రహారములిచ్చును. విష్ణువర్ధనుని కథవలె ఇచ్చటను పేరే కథను కన్నది.

చోడుల మూసలో ఓడినవాడు, చాళుక్యుల మూసలో గెలిచి ఒక రాజును చంపినవాడు, గ్రామకరణముల మూసలో ధర్మదాత. ఒకే వ్యక్తి జీవితముగా ఈ మూడింటిని కూర్పబూనుట వ్యర్థప్రయాస. ఎవరికి ఎట్టి త్రిలోచనుడు కావలసివచ్చెనో అడిగినచో మూడింటికిని సమాధానము దొఱకును. చోడునకు గొప్ప సామంతుడు కావలెను; చాళుక్యునకు గొప్ప శత్రువు కావలెను; మాన్యమును నిలుపుకొనవలసిన గ్రామస్థునకు తిరుగులేని పురాతన దాత కావలెను. క్రొత్త ప్రభుత్వము భూముల హక్కులను విచారించుచున్న కాలమున వ్రాయబడిన కైఫీయతులలో, జనమేజయుడు, ముక్కంటి వంటి దాతలు పలుమాఱులు కానవచ్చుటలో వింత లేదు.

పుట్టపై పాలు కురిసిన ఆవు, అడుగున బయల్పడిన లింగము, వేటకుక్కలను తఱిమిన కుందేలు అనునవి ఈ జాతివే. కుందేటి కథ విజయనగరమునకును కలదు, గుజరాతులో ఆహమ్మదాబాదునకును కలదు. ఇట్టి కథ వినబడగానే పరిశోధకుడు నవ్వి పుట త్రిప్పరాదు. ఆ పుట ఏ పొలమున నుండెనని చెప్పిరి, ఆ ఆవు ఏ కులమువారిది, పాలు కురిసిన సంగతి చూచినవాడెవడు, గుడిలో తొలి మర్యాద ఎవరికి అను అంశములను గమనింపవలెను. ఆవు పాలు కురియుట మూస; ఆవు గలవాని కులము మూస కాదు. గుడిపై హక్కు ఎవరిదను వివాదము తఱచుగా ఆ ఒక్కమాటలో దాగియుండును.

5. అనుసరణీయమైన పద్ధతి

గ్రామచరిత్రలపైన, శాసనభాషపైన సిద్ధాంతవ్యాసములు వ్రాయు విద్యార్థులలో కొందఱు, ముక్కంటి కాడువెట్టి కాలమున మా గ్రామము వెలసినదని నిస్సంశయముగా వ్రాసి తెచ్చుట నా యనుభవములోనిది. ఆధారమేదన్న, కైఫీయతు అందురు. కైఫీయతు ఆధారమే, కాని దేనికి ఆధారము? పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఆ గ్రామస్థులు తమ ఊరినిగూర్చి ఏమి చెప్పుకొనుచుండిరో దానికి ఆధారము. ముక్కంటి కాలమునకు కాదు.

కావున ఏ పునరుక్త పదబంధము కనబడినను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది తొలుత ఎచ్చట కనబడినది? దీనిని ఇంకెవరెవరు వాడిరి? ఈ చోట మూసకు అక్కఱలేని మాట ఏది వచ్చినది, లేక ఉండవలసిన మాట ఏది లోపించినది? మొదటి ప్రశ్న కరికాలుని కావేరిని మాలెపాటికి చేర్చినది. రెండవది ఒరయూరు బిరుదమును ఒక వ్యక్తి సొత్తు కాకుండ చేసినది. మూడవది అయోధ్యను తొలగించి ముడివేమును మిగిల్చినది.

ఇది ఒకరిచేత నయ్యెడు పని కాదు. జయంతి రామయ్య పంతులుగారు శాసనపద్యములను కూర్చి 1930లో శాసనపద్యమంజరిని ప్రకటించిరి. శాసనములందలి పదములను, వ్యాకరణమును పరిశీలించిన గ్రంథములును మనకు కలవు. శాసనములను, కావ్యావతారికలను, కైఫీయతులను కలిపి, పునరుక్త పదబంధములను కాలక్రమమున, సీమల వారీగా చూపు సూచి మనకు అవసరము. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క తాలూకా శాసనములను పూనినను, కొన్నియేండ్లలో పని రూపుదాల్చును. చిలమకూరు, కలమళ్ళ, మాలెపాడు, పెద్దముడియములతో ఆరంభించుట సముచితము. తెనుగున మూసమాట తొలుత ఱాతి కెక్కినది ఈ సీమలోనే.

ఆ సూచి సిద్ధమైన నాడు మన గ్రామచరిత్రలలో కొన్ని పుటలు తగ్గవచ్చును. కొందఱు రాజులు చరిత్రనుండి కథలోనికి తిరిగిపోవచ్చును. దానికి చింతింప పనిలేదు. మిగిలిన ఆ కొద్దిమాటలు, ఒక పన్నస, ఒక కొలత, ఒక అగ్రహారము పేరు, నిజముగా ఈ నేలపై బ్రదికినవారివి. వారి మాటను బిరుదముల గోలలోనుండి వేఱుచేసి వినిపించుటయే మన పరిశోధనకు ప్రయోజనము.